ఇచ్చింది 200, తాగింది ఎంత? సంరక్షణ పనిలో రీసెర్చ్, రిఫ్లెక్షన్ నేర్చుకున్న తీరు

ఆరోగ్య, సామాజిక సంరక్షణ కోర్సుల్లో రీసెర్చ్ ఒక పేపరు, రిఫ్లెక్టివ్ ప్రాక్టీస్ (చేసిన పనిని వెనక్కి తిరిగి చూసుకుని నేర్చుకోవడం) ఇంకో పేపరు. రెండూ విడివిడిగా చదివి, విడివిడిగా పరీక్ష రాసి, డ్యూటీలో చేరాక రెండింటినీ అటకెక్కించేవాళ్లే ఎక్కువ. నాకు రెండూ ఒంటబట్టింది ఒకే సమస్య మీద కలిపి పనిచేసినప్పుడు. సమస్య చాలా మామూలుది: వృద్ధుల సంరక్షణలో రాసే ఇన్‌టేక్ చార్టు. ఎవరు ఏ వేళకు ఎంత ద్రవం తీసుకున్నారో రాసే కాగితం అది. 8 గంటలకు టీ 150 మిల్లీలీటర్లు, 10 గంటలకు నీళ్లు 200, ఇలా రాసుకుంటూ పోయి రాత్రికి కూడితే 1500 వస్తుంది. చూడ్డానికి నిండుగా ఉంటుంది. ఆ 200 గ్లాసులో పోసిన కొలతా, గొంతు దిగిన కొలతా అనేది మాత్రం కాగితం మీద ఉండదు. ఈ సందేహం వెంట నడిస్తే సిలబస్‌లో ఉన్నవన్నీ ఒకదాని వెనక ఒకటి ఎదురొస్తాయి.

మొదలుపెట్టాల్సింది వ్యాసాల డేటాబేస్‌తో కాదు, నోట్‌బుక్‌తో. డ్యూటీ దిగిన రోజే, ఇంకా మాటలు చెవిలో ఉండగానే రాయాలి. మర్నాటికి వాయిదా వేస్తే జరిగింది పోయి మనం చెప్పుకున్న కథ మిగులుతుంది. పేజీ మధ్యలో నిలువు గీత కొట్టి ఎడమవైపు చూసింది, విన్నది, కుడివైపు అనుకున్నది రాయాలి. వినడానికి చిన్నపిల్లల పనిలా ఉంటుంది కానీ చేస్తే తెలుస్తుంది ఎంత కష్టమో. కొత్తగా రాసేవాళ్ల నోట్‌బుక్‌లో ఎడమవైపు సాధారణంగా ఇలాంటి వాక్యం ఉంటుంది: "పేషెంటు మొండికేశారు, నీళ్లు తాగడానికి సహకరించలేదు." ఇందులో చూసింది ఒక్కటీ లేదు. "మొండి", "సహకరించలేదు" రెండూ తీర్పులే. అదే సంఘటనను చూసింది చూసినట్టు రాస్తే ఇలా ఉంటుంది: "గ్లాసు ఇచ్చాను. కుడిచేత్తో పక్కకు జరిపారు. రెండోసారి పెదవుల దగ్గర పెడితే పెదవులు బిగించారు. 'తర్వాత' అన్నారు. నేను నిలబడి ఉన్నాను, ఆమె కుర్చీలో ఉన్నారు. గ్లాసు అంచు వరకూ నిండి ఉంది. టైం సాయంత్రం 6:40." ఇప్పుడు అడగడానికి ప్రశ్నలు దొరుకుతాయి. నిండు గ్లాసు బరువైందా? వేళ్లకు కీళ్లవాతం ఉందా? 6:40 ఎందుకు? నిలబడి తాగించబోవడం వల్ల ఆమె మెడ వెనక్కి వాల్చాల్సి వచ్చిందా? మొదటి రకం వాక్యంలోంచి ఇవేవీ పుట్టవు, పేషెంటును తప్పుపట్టడం తప్ప.

రిఫ్లెక్షన్ మోడళ్ల గురించి రెండు మాటలు. డొనాల్డ్ షోన్ 1983లో పని జరుగుతుండగా ఆలోచించడం, పని అయ్యాక ఆలోచించడం అని విడదీశాడు. సంరక్షణలో మొదటిది అనుభవంతో వస్తుంది. రాతతో సాధన చేయగలిగేది రెండోది. డ్రిస్కల్ మోడల్‌లో మూడే ప్రశ్నలు: ఏం జరిగింది, దాని అర్థమేంటి, ఇప్పుడేం చేయాలి. రోజువారీ నోట్‌బుక్‌కి ఇది చాలు. అసైన్‌మెంట్లకు ఎక్కువగా అడిగేది గిబ్స్ 1988లో ఇచ్చిన చక్రం: వివరణ, భావాలు, మంచిచెడ్డల అంచనా, విశ్లేషణ, ముగింపు, కార్యాచరణ. ఆరు మెట్లకూ సమానంగా మాటలు పంచితే మార్కులు పోతాయి. 1000 మాటల రాతకు నేను వాడే లెక్క: వివరణ 150, భావాలు 100, అంచనా 150, విశ్లేషణ 400, ముగింపు 100, కార్యాచరణ 100. విద్యార్థులు సగం పేజీలు వివరణకే ఖర్చు చేసి విశ్లేషణ దగ్గరికి వచ్చేసరికి "కమ్యూనికేషన్ ముఖ్యమని తెలుసుకున్నాను" అని సరిపెడతారు. విశ్లేషణ అంటే "ఎందుకు ఇలా అయింది" అనేదానికి కనీసం రెండు పోటీ కారణాలు పెట్టి, ఏది నమ్మదగినదో చదివిన ఆధారంతో తూచడం. ఒకే కారణం పెట్టి దాన్నే సమర్థించుకుంటే అది సంజాయిషీ అవుతుంది.

భావాల మెట్టును చాలామంది మొహమాటంతో దాటేస్తారు. అది దాటేయదగ్గది కాదు. "చిరాకేసింది" అన్న మాట దగ్గర ఆగి చూస్తే, అవతల ఇంకా ఆరుగురికి మందులివ్వాల్సి ఉందని, గ్లాసు ఒక్క నిమిషంలో ఖాళీ కావాలని మనం ఆశించామని బయటపడుతుంది. అది మనిషి సమస్య కాదు, షిఫ్ట్ కేటాయింపు సమస్య. అలా తేలాక ప్రశ్న ఎవరిని అడగాలో కూడా మారిపోతుంది. అయితే మరణం, దెబ్బలు, హింస లాంటివి చూసిన రాత్రి ఒంటరిగా కూర్చుని రాయమని ఎవరికీ చెప్పను. ముందు సూపర్‌వైజర్‌తోనో తోటివాళ్లతోనో మాట్లాడాలి. రాత తర్వాత.

నోట్‌బుక్‌లో పేరు, మంచం నంబరు, గది నంబరు రాయకూడదన్నది అందరికీ తెలుసు. తప్పు జరిగేది ఇంకోచోట. అరుదైన జబ్బు, వయసు, పాత వృత్తి మూడూ కలిపి రాస్తే పేరు లేకున్నా ఆ ఊళ్లో ఎవరికైనా మనిషి తెలిసిపోతారు. వయసును "80ల్లో" అని, వృత్తిని పూర్తిగా వదిలేసి, సంబంధం లేని వివరాలు తీసేయాలి. ఇవి రహస్య డైరీలు కావన్నది కూడా గుర్తుంచుకోవాలి. బ్రిటన్‌లో నర్సులు మూడేళ్లకోసారి రిజిస్ట్రేషన్ నిలుపుకోడానికి 5 రిఫ్లెక్టివ్ రాతలు చూపించాలి. అంటే రాసింది ఇంకొకరు చదువుతారన్న లెక్కతోనే రాయాలి.

నోట్‌బుక్‌లో కొన్ని పేజీలు నిండాక వెనక్కి తిప్పి చదివితే ఒకే విషయం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. మా విషయంలో సాయంత్రం ఆరు తర్వాతి నిరాకరణలు. రీసెర్చ్ ప్రశ్న పుట్టేది ఇక్కడ. ఒకే నిరాకరణకు రకరకాల వివరణలు ఉండొచ్చు, ఒక్కో వివరణకు ఒక్కో పద్ధతి కావాలి. చార్టులో రాసే అంకె తప్పు అనుకుంటే కొలవాలి. గ్లాసు పట్టుకోలేకపోతున్నారు అనుకుంటే పక్కన కూర్చుని గమనించాలి. రాత్రి బాత్రూమ్‌కి లేవాల్సి వస్తుందని భయపడుతున్నారు అనుకుంటే అడిగి వినాలి. మింగడంలో ఇబ్బంది ఉంటే అది రీసెర్చ్ దాకా ఆగే విషయమే కాదు, వెంటనే డాక్టరుకో స్పీచ్ థెరపిస్టుకో చెప్పాలి. "నేను ప్రశ్నావళి చేద్దామనుకుంటున్నాను" అని పద్ధతితో మొదలుపెట్టేవాళ్లు ఎక్కువ. ప్రశ్న తేలకముందే పద్ధతి ఎంచుకుంటే, ఆ పద్ధతికి అందే జవాబులే వస్తాయి.

ప్రశ్నను బిగించడానికి పికో చట్రం ఉంది: ఎవరు, ఏ మార్పు, దేనితో పోల్చి, ఏ ఫలితం. "వృద్ధులు నీళ్లు తాగడం ఎలా పెంచాలి" అన్నది కోరిక. "సంరక్షణ కేంద్రంలో ఉండే 65 దాటినవాళ్లకు ఒకేసారి 200 మిల్లీలీటర్ల గ్లాసు ఇవ్వడానికి బదులు 100 చొప్పున రెండుసార్లు ఇస్తే, రోజు మొత్తంలో తాగిన కొలత పెరుగుతుందా" అన్నది ప్రశ్న. అనుభవాల గురించి అడిగేటప్పుడు పికో సరిపోదు, పోలిక ఉండదు కాబట్టి. ఎవరి అనుభవం, దేని గురించి, ఏ పరిస్థితిలో అన్న మూడూ ఉంటే చాలు.

తర్వాత, ఆ ప్రశ్న మీద ఇదివరకు వచ్చిన వ్యాసాలు వెతకడం. పబ్‌మెడ్ అనే వైద్య వ్యాసాల డేటాబేస్ అందరికీ ఉచితం. నర్సింగ్ వ్యాసాలకు సినాల్ మంచిది, అది లైబ్రరీ చందాతోనే దొరుకుతుంది. సిస్టమాటిక్ రివ్యూలకు (ఒక ప్రశ్న మీద వచ్చిన అధ్యయనాలను పద్ధతిగా వెతికి, తూచి రాసిన వ్యాసాలు) కాక్రేన్ లైబ్రరీ. ప్రశ్న మొత్తాన్ని వాక్యంగా టైపు చేయకుండా ముక్కలు చేయాలి. ఒక్కో ముక్కకు పర్యాయపదాలు "ఆర్"తో కలిపి బ్రాకెట్లో పెట్టి, బ్రాకెట్ల మధ్య "ఆండ్" పెట్టాలి. పబ్‌మెడ్‌లో ఈ మాటలు పెద్దక్షరాల్లోనే కొట్టాలి. బ్రాకెట్లు మరిస్తే అది ఎడమ నుంచి కుడికి వరసగా లెక్క కట్టుకుంటూ పోతుంది, వచ్చేది మనం అడిగింది కాదు. మా అంశంలో పెద్ద గుంట "డ్రింకింగ్" అన్న మాట. అది కొడితే మద్యం మీద వ్యాసాలు గుట్టలుగా వస్తాయి. "నాట్ ఆల్కహాల్" అని పెడదామనిపిస్తుంది, పెట్టకూడదు. "ఆల్కహాల్ తీసుకునేవారిని ఈ అధ్యయనంలో చేర్చలేదు" అని సారాంశంలో రాసుకున్న మంచి వ్యాసం కూడా ఆ దెబ్బకు ఎగిరిపోతుంది. మెష్ పదాల్లో, అంటే పబ్‌మెడ్‌లో వ్యాసాలకు తగిలించే విషయసూచిక పదాల్లో, ద్రవాలు తాగడం వేరు, మద్యం తాగడం వేరు. ఆ పదాలు వాడితే సరిపోతుంది. కాకపోతే సరికొత్త వ్యాసాలకు మెష్ పదాలు తగిలించి ఉండకపోవచ్చు, కాబట్టి మామూలు పదాలు కూడా పక్కన ఉండాలి. ఒకే చోటును బ్రిటన్‌లో కేర్ హోమ్ అంటారు, అమెరికాలో నర్సింగ్ హోమ్, ఆస్ట్రేలియాలో ఏజ్డ్ కేర్. ఒక్కటే కొడితే ఒక దేశం వ్యాసాలే వస్తాయి. ఏ తేదీన, ఎక్కడ, ఏ మాటలతో వెతికితే ఎన్ని వచ్చాయో అప్పటికప్పుడే ఎక్సెల్‌లో రాసుకోవాలి. చివర్లో గుర్తు తెచ్చుకుని రాయడం జరిగే పని కాదు.

వచ్చినవాటిని నమ్మాలా వద్దా అన్నదానికి కాస్ప్ చెక్‌లిస్టులు (అధ్యయనం నాణ్యతను తూచే ప్రశ్నల జాబితాలు) ఉన్నాయి. గుణాత్మక అధ్యయనాలకైతే (అంకెలు కాకుండా మాటలు, అనుభవాలు చూసేవి) 10 ప్రశ్నలు. వాటిని అవును, కాదు అని టిక్కు పెట్టి వదిలేస్తే ఉపయోగం లేదు, ప్రతి టిక్కు పక్కనా వ్యాసంలో ఏ పేజీ చూసి అలా పెట్టారో ఒక వాక్యం రాయాలి. అంకెలు చదివేటప్పుడు ఒక్క జాగ్రత్త చెబుతాను. "ముప్పు 50 శాతం తగ్గింది" అని ఉంటే అసలు ముప్పు ఎంత ఉండేదో వెతకండి. 100 మందిలో 4 నుంచి 2కి తగ్గినా 50 శాతమే, 40 నుంచి 20కి తగ్గినా 50 శాతమే. మొదటి సందర్భంలో ఒక్కరికి మేలు జరగాలంటే 50 మందికి ఆ పని చేయాలి, రెండోదాంట్లో ఐదుగురికి చేస్తే చాలు. వార్డులో ఉన్న మనుషుల సంఖ్య చూసుకుంటే ఈ తేడా ఎంత పెద్దదో అర్థమవుతుంది.

చేయబోయేది ఆడిట్టా, రీసెర్చా అన్నది మొదట్లోనే తేల్చుకోవాలి. ఉన్న ప్రమాణంతో మన పనిని పోల్చి చూస్తే ఆడిట్. ప్రమాణం ఏదుండాలో, ఏది మెరుగో కనుక్కోవడం రీసెర్చ్. "చార్టులో రాసిన అంకెకూ నిజంగా తాగినదానికీ తేడా ఎంత" అన్నది మన చోట రాత బాగుచేసుకోవడానికైతే ఆడిట్ కిందికి వస్తుంది. 100 చొప్పున రెండుసార్లు ఇచ్చి చూడటం రీసెర్చ్. పరిశోధనలో మనుషులకు హాని జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి రాకుండా మొదలుపెట్టకూడదు. అనుమానంగా ఉంటే కమిటీనే ఉత్తరం రాసి అడగాలి, మనకు మనమే ఆడిట్ అని పేరు పెట్టుకోకూడదు.

మనుషుల మీద చేసే వైద్య పరిశోధనకు 1964 నాటి హెల్సింకి ప్రకటన (అలాంటి పరిశోధనకు నైతిక సూత్రాల పత్రం) ఆధారం. అంగీకార ఫారాలు దాన్నిబట్టే ఉంటాయి. ఫారంలో కనపడని సమస్య ఒకటుంది. రోజూ స్నానం చేయించే మనిషే వచ్చి "అమ్మా, నా స్టడీలో ఉంటారా" అంటే ఏ పెద్దావిడ కాదంటారు? అందుకే అంగీకారం అడిగే పని ఆ వ్యక్తి సంరక్షణతో సంబంధం లేని వేరొకరు చేయాలి. సమాచార పత్రాన్ని ఇచ్చి వెళ్లి, ఆలోచించుకునే వ్యవధి ఇచ్చి, మళ్లీ రావాలి. చదవలేనివాళ్లకు సాక్షి ముందు చదివి వినిపించాలి. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లలో ఉదయం ఒప్పుకున్నవారు సాయంత్రం మొహం తిప్పుకుంటే దాన్ని కాదన్నట్టే తీసుకోవాలి, సంతకం ఉందని కొనసాగించకూడదు.

ఇక కొలత. ఆసక్తి ఉన్నవాళ్లు ఈ భాగం నెమ్మదిగా చదవండి, ఎక్కువ ప్రాజెక్టులు పాడయ్యేది ఇక్కడే. ముందు అక్కడ వాడే ప్రతి గ్లాసు, కప్పు, గిన్నె రోజూ ఎంతవరకు పోస్తారో అంతవరకు నీళ్లు పోసి కొలజాడీలో కొలవాలి. అందరూ 200 అని రాసే గ్లాసు 170 పట్టడం మామూలే. అంచుదాకా పోస్తే 230 కూడా పట్టొచ్చు. తర్వాత ఇచ్చిన వేళ కాకుండా గ్లాసు తీసిన వేళ రాయాలి, మిగిలింది కొలవాలి. ఒలికింది తాగినట్టు కాదు. ఒడిలో పరిచిన నాప్‌కిన్‌ను ముందు పొడిగా తూచి, తర్వాత తడిగా తూచి తేడా తీస్తే సరి. నీటికి 1 గ్రాము దాదాపు 1 మిల్లీలీటరు. వంటింటి డిజిటల్ తక్కెడ ఈ పనికి చాలు, కాకపోతే రోజూ ఉదయం తెలిసిన బరువు పెట్టి సరిచూసుకోవాలి. పాలు, జావ లాంటి చిక్కని వాటికి బరువుతో కాకుండా జాడీతోనే కొలవండి. ఇద్దరు కొలిచేవాళ్లుంటే మొదటి రోజు ఒకే గ్లాసును ఇద్దరూ విడివిడిగా కొలిచి, ఒకరిది ఒకరు చూడకుండా రాసి, పోల్చాలి. జాడీని కంటికి సమంగా పెట్టి చదవకపోవడం వల్లే చాలా తేడాలు వస్తాయి.

కొలుస్తున్నారని తెలిస్తే సిబ్బంది ఎక్కువ తాగిస్తారు. దీనికి హాథార్న్ ప్రభావం అని పేరు. 1920ల్లో షికాగో దగ్గరి హాథార్న్ కర్మాగారంలో చేసిన ప్రయోగాల నుంచి ఆ పేరు వచ్చింది. దీన్ని దాటడానికి దొంగచాటుగా కొలవడం దారి కాదు. మొదటి రెండు మూడు రోజుల కొలతలు సేకరించి లెక్కలోకి తీసుకోకుండా వదిలేస్తే, చూస్తున్నవాళ్ల ఉనికి అలవాటుపడి పని మామూలు దారిలోకి వస్తుంది. పూర్తిగా పోదు. ఎంత మిగిలుంటుందో నివేదికలో పరిమితుల భాగంలో రాయాలి.

ఎంతమందిని తీసుకోవాలి అన్న ప్రశ్నకు ఎవరో చెప్పిన అంకె పట్టుకుని "30 చాలట" అంటుంటారు. శాతం కనుక్కోవడమే ఉద్దేశమై, ముందుగా అంచనా ఏమీ లేకపోతే, 95 శాతం నమ్మకంతో అటూ ఇటూ 5 శాతం తేడాకు దాదాపు 385 మంది కావాలి. 10 శాతం తేడా ఒప్పుకుంటే 97. ఉన్నదే 40 మందైతే అందరినీ తీసుకుని, ఈ ఫలితం ఈ చోటుకే అని రాయడం నిజాయితీ. 20 మంది, రోజుకు 10 గ్లాసులు, 3 రోజులు కలిపితే 600 కొలతలు వస్తాయి, కానీ అది 600 మందిని చూసినట్టు కాదు. ఒకే మనిషి గ్లాసులు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ఈ ఒక్క పొరపాటుతో లేని తేడా ఉన్నట్టు కనిపిస్తుంది.

ఎక్సెల్‌లో ఎక్కించేటప్పుడు ఖాళీ గడిని సున్నా చేయకండి. సున్నా అంటే ఇచ్చినా తాగలేదు, ఖాళీ అంటే ఎవరూ రాయలేదు. రాత్రి షిఫ్ట్‌లో ఖాళీలు ఎక్కువుంటాయి. వాటిని సున్నాలు చేస్తే రాత్రి ఎవరూ ఏమీ తాగరన్న తప్పుడు ఫలితం వస్తుంది. మొదట ఎక్కించిన ఫైలును ముట్టుకోకుండా ఉంచి, దాని నకలు మీద పనిచేయాలి. పేరుకు బదులు వాడే కోడ్ నంబరు ఎవరిదో చెప్పే పట్టిక వేరే చోట, వేరే తాళం కింద ఉండాలి.

ఇంటర్వ్యూల్లో "నీళ్లు బాగా తాగుతున్నారా?" అని అడిగితే "ఆ, తాగుతున్నా" అంటారు, అక్కడితో అయిపోయింది. "నిన్న పొద్దుపోయాక ఏమేం తాగారో చెప్పండి" అని అడగాలి. "ఎందుకు తాగలేదు" అంటే నిలదీసినట్టు వినిపిస్తుంది, "అప్పుడు ఏమైంది" అంటే కథ వస్తుంది. అడిగాక నోరు మూసుకుని ఆగడం నేర్చుకోవాలి. కొత్తవాళ్లు మౌనం రాగానే ఇంకో ప్రశ్న వేసి జవాబును మింగేస్తారు. గంట రికార్డింగును అక్షరం పొల్లు పోకుండా రాయడానికి నాలుగైదు గంటలకు తక్కువ పట్టదు, దాన్ని ముందే టైంటేబుల్‌లో పెట్టుకోండి.

ఇంటర్వ్యూల విశ్లేషణకు బ్రాన్, క్లార్క్ అనే పరిశోధకులు 2006లో చెప్పిన ఆరు దశలు వాడతారు. దశల పేర్లు ఎక్కడైనా దొరుకుతాయి. కోడ్ పెట్టడం, అంటే ఒక్కో మాటకు దాని అర్థం చెప్పే చిన్న పేరు పెట్టడం, ఎలాగో ఒకటి చూపిస్తాను. ఇలాంటి మాట వచ్చిందనుకోండి: "రాత్రి లేపితే ఆ పిల్లకు కష్టం కదమ్మా, అందుకే ఆరు దాటాక గ్లాసు ముట్టుకోను." తొందరలో "బాత్రూమ్ సమస్య" అని కోడ్ పెడతారు. ఆవిడ చెప్పింది బాత్రూమ్ గురించి కాదు, ఆ పిల్ల గురించి. "సంరక్షకులను ఇబ్బంది పెట్టకూడదని తాగడం మానేయడం" అని పెడితే, అలాంటి మాటలు మిగతా ఇంటర్వ్యూల్లో కూడా కనిపించడం మొదలవుతుంది. నాలుగు ప్రశ్నలు అడిగి నాలుగు ప్రశ్నలనే నాలుగు థీమ్‌లుగా (కోడ్‌లు కలిపితే తేలే పెద్ద అర్థాలు) రాసుకొచ్చేవాళ్లున్నారు. అది విశ్లేషణ కాదు, జవాబులను సర్ది పెట్టడం.

ఈ దశలో నిలువు గీత నోట్‌బుక్ మళ్లీ అవసరమవుతుంది. ఈసారి ఎడమవైపు పేషెంటు మాట, కుడివైపు మనం పెట్టిన కోడ్, కింద ఎందుకు పెట్టామో ఒక వాక్యం. డ్యూటీ చేసే మనిషే పరిశోధకుడైనప్పుడు "సిబ్బంది తక్కువ" అన్న జవాబు ఎక్కడ కనిపించినా కన్ను అక్కడికే పోతుంది, ఎందుకంటే అది మన ఫిర్యాదు కూడా. దాన్ని దాచిపెట్టకుండా మెథడ్స్ భాగంలో రాసి, ఆ ఇంటర్వ్యూల్లో కొన్నింటికి వేరొకరితో కోడ్ పెట్టించి, ఎక్కడ తేడా వచ్చిందో చూపిస్తే చదివేవాళ్లు నమ్ముతారు.

ఫలితాలు బయటివాళ్లకంటే ముందు చార్టు రాసేవాళ్లకు చూపించాలి, ఏ షిఫ్ట్ ఎవరిదో తెలియకుండా. కార్యాచరణలో "అవగాహన పెంచాలి" అని రాస్తే ఏమీ రాయనట్టే. ఎవరు, ఏం, ఎప్పటినుంచి, ఎలా సరిచూస్తారు అన్న నాలుగూ ఉండాలి. చార్టులో "ఇచ్చింది", "మిగిలింది" అని రెండు గళ్లు పెట్టడం, గ్లాసులకు 100 దగ్గర గీత వేయించడం, ఆరు దాటాక తాగాల్సింది ఎక్కువగా మధ్యాహ్నానికి మార్చడం, ఇలాంటివి. మార్పు అలవాటుపడ్డాక మళ్లీ కొలవాలి. అప్పుడు అవే గ్లాసులు, అవే వేళలు, అదే కొలజాడీ, అదే కొలత ఫారం వాడండి. మధ్యలో ఫారం మారితే వచ్చిన తేడా తాగడంలోదో, రాయడంలోదో విడదీయడం కుదరదు.